వాగు నోటి నల్ల చేపలు

స్టోర్‌డాల్, మినెసోటా
14 డిసెంబరు 1987, సోమవారం

తమ్ముడు లైల్‌కి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలల పదకొండు రోజులయింది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ బావ రాల్ఫ్ మోకాలు సంగతి మామూలే. మంచు పడేముందు నొప్పి, పడ్డాక గొప్పలు.

హాల్వర్ సరస్సు నవంబరు ఇరవై ఏడున గడ్డకట్టింది. నాన్న ఏటేటా రాసిపెట్టిన లెక్కల పుస్తకంతో పోలిస్తే అయిదు రోజులు ఆలస్యం. నిన్న చర్చి నుంచి వచ్చాక మంచు తొలిచే బరమా తీసుకెళ్లి కొలిచాను. పడవల రేవు దగ్గర ఎనిమిది అంగుళాలు, పైన్ చెట్ల మలుపు దగ్గర ఏడు. వాగు వచ్చి సరస్సులో కలిసే నోటి దగ్గర ఎప్పటిలాగే కొలవలేదు. కింద నీళ్లు నడిచేచోట మంచు మాట నమ్మొద్దని నాన్న అనేవాడు కదా. కొలతలు ఎరల కొట్టు ముందు పలకమీద సుద్దతో రాసి ఇంటికొచ్చాను.

ఒక సంగతి నీకు చెప్పాలి. కిందటి ఆదివారం కొలవడానికి వెళ్లినప్పుడు పైన్ల మలుపు దగ్గర మంచులో రెండు చేపల కన్నాలు కనిపించాయి. ముందురోజు సాయంత్రం తొలిచినవే. పైన పలచని పొర కట్టి ఉంది. రెండింటి మధ్య నాలుగడుగులు, చుట్టూ మంచుపొడి శుభ్రంగా ఊడ్చి ఉంది. అలా తొలిచే మనిషి నాకు తెలిసి ఒక్కడే. ఐనర్ ముందు స్నేహితుడి కన్నం తొలిచి, ఆ తర్వాతే తనది తొలుచుకునేవాడు. చెయ్యి చాపితే కాఫీ ఫ్లాస్కు అందాలి అనేవాడు. మీరిద్దరూ క్రాపీ చేపల కోసం వెళ్లి, అతనొక్కడూ తిరిగిరాని ఆ శనివారానికి ఈ నెల ఇరవై ఒకటితో రెండేళ్లు నిండుతాయి.

నిన్న చూస్తే మళ్లీ రెండు కన్నాలు. కానీ ఈసారి మలుపు దగ్గర కాదు. అంగలు లెక్కపెట్టాను. మలుపు నుంచి ముప్పై ఎనిమిది అంగలు, వాగు వైపు.

పండక్కి ఫ్రీజరు కడుగుతుంటే అడుగున నా చేతిరాతతో రెండు చేపల పొట్లాలు దొరికాయి. ‘22 డిసెంబరు 85. లైల్ బకెట్. తెల్లవి 11’ అని ఒకటి. ‘నల్లవి 5’ అని ఇంకొకటి. మీ బావ పారెయ్యమన్నాడు. నేను మళ్లీ లోపలే పెట్టేశాను. వాటిని ఏం చెయ్యమంటావు?

క్రిస్మస్‌కి నువ్వూ షర్లీ వస్తే మేడమీద గది సిద్ధంగా ఉంది. లవోన్ ప్రతి ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చుని, “లైల్ రాశాడా?” అంటుంది. ఐనర్ పోయాక ఒంటరిదైన మనిషి. లేదు లేదని ఎన్ని వారాలు చెప్పను?

మీ అక్క
ఆర్డిస్


ట్యూసాన్, అరిజోనా
22 డిసెంబరు 1987

అక్కా,

ఇక్కడ ఎండ కాస్తోంది. పొట్టిచేతుల చొక్కాతో నిమ్మచెట్టు కింద కూర్చుని రాస్తున్నాను. ఎండలో ఉన్నవాడికి ప్రతి ఉత్తరంలోనూ మంచు ఎన్ని అంగుళాలో ఎందుకు రాస్తావు? రెండేళ్లుగా చూస్తున్నాను, ఒక్క ఉత్తరంలోనూ తప్పలేదు. పొడవాలనుకుంటే సూటిగానే పొడువు.

పోలీసులకి ఏం చెప్పానో నీకూ అదే చెప్పాను. మళ్లీ చెబుతున్నాను. నేను మలుపు దగ్గర సామాను సర్దుకుంటున్నాను. ఐనర్ లేచాడు. ఏమీ అనలేదు. వాగు వైపు నడిచాడు. చప్పుడు విని తలెత్తేసరికి మనిషి లేడు. ఇంతకుమించి నా దగ్గర ఏమీ లేదు.

కన్నాల సంగతి, అవి నడుచుకుంటూ వాగు వైపు పోతున్న సంగతి, ఏమనుకోకు కానీ, నన్ను రప్పించడానికి నువ్వు అల్లినట్టుంది. నిజమే అయినా ఎవరో ఊరివాళ్లే అయ్యుంటారు. నువ్వు చూడ్డానికి వెళ్లకు. ఆ పొట్లాలు పారెయ్. రెండేళ్ల చేపలు ఎవరు తింటారు?

పండక్కి రాలేం. షర్లీకి నడుంనొప్పి. నాకూ నిద్ర సరిగ్గా లేదు. మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, గచ్చు కింద ఎవరో గునపం వెనక కొనతో తడుతున్నట్టుంటుంది. మూడు దెబ్బలు. చేపలు పడుతున్నాయా లేదా అని అడగడానికి ఐనర్ తన కన్నం దగ్గర అలాగే తట్టేవాడు. ఇక్కడ గచ్చు కింద ఇసుక తప్ప ఏముంది?

లవోన్‌కి నా చిరునామా ఇవ్వకు.

లైల్


స్టోర్‌డాల్
4 జనవరి 1988

లైల్,

నేను అల్లడం స్వెట్టర్ల వరకే. మంచు అంగుళాల గురించి నువ్వన్న మాట నాలుగుసార్లు చదివాను. ఆ అంకెలు నిన్ను పొడవడానికని నాకు ఇప్పటిదాకా తెలియదు. నాన్న పడవ మీద పనికి వెళ్లినప్పుడు అమ్మ ప్రతి ఉత్తరంలోనూ ఏం రాసేదో గుర్తుందా? ఆమెకి తెలిసినవి రాసేది. నేనూ నాకు తెలిసినవి రాస్తున్నాను.

వెళ్లొద్దన్నావు. వెళ్లాను. మొన్న శనివారం మూడున్నరకి. ఆకాశం బూడిదరంగులో ఉంది, గాలి లేదు. మలుపు దాటాక సరస్సు మీద ఒక లాంతరు. దాని పక్కన తిరగేసిన బకెట్ మీద ఒక ఆకారం. చెవుల టోపీ, ఖాకీ కాన్వాసు కోటు, ఎడమ భుజం మీద నేను కుట్టిన అతుకు. ఐనర్ కోటు, లైల్. ఆ అతుకు నేను వేసిందే. కొలబద్ద మంచుకి ఆనించి అక్కడే నిలబడ్డాను.

ఆకారం ఇటు తిరిగింది.

“ఏమే ఆర్డిస్, దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావేం? కోటు ఆయనది, చలి మాత్రం నాదే. వచ్చి కూర్చో. రెండో కన్నం ఖాళీయే.”

లవోన్. క్రాపీలు పట్టే సన్నగాలం, ఎరకి చిన్న చేపపిల్ల. దారం వైపు చూడటం లేదు. వాగు వైపు చూస్తోంది. ఎందుకే ఇదంతా అన్నాను.

“మలుపు నుంచి వాగు నోటికి నాలుగు వందల అంగలు,” అంది. “ఎండాకాలం ఒడ్డున నడిచి లెక్కపెట్టుకున్నాను. అన్ని అంగల్లో మనిషికి ఎంత ఆలోచించే టైముందో చూడు. మా ఆవుల్ని వేలం వేసి అప్పటికి ఆరు వారాలు. కొట్టం వైపు చూడలేక వంటింటి కిటికీకి దుప్పటి కట్టాడు. ఊళ్లో ఏమనుకుంటున్నారో నాకు తెలీదనుకుంటున్నావా? ఆవులు పోయాయి, వెనకే మనిషీ పోయాడు అంటున్నారు.”

“ఎవరే అన్నది?”

“ఎవరూ అనరు. అందుకే వినిపిస్తుంది. లైల్‌తో ఒక్కమాట అనకుండా లేచి నడిచాడట. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నోరు మూసుకుని కుర్చీలోంచి లేచింది నేను చూడలేదు. ఉప్పు అందుకోవడానికి కూడా ఉపన్యాసమే. ఆ మనిషి మాట్లాడకుండా లేచాడంటే నిర్ణయించుకునే లేచుండాలి కదా. ఎక్కడిదాకా వచ్చాక వెనక్కి తిరగకూడదనుకున్నాడో? వారానికి కొన్ని అంగలు ముందుకెళ్లి కూర్చుంటున్నాను. ఆ చోటికొస్తే నాకు తెలుస్తుంది.”

“వాగు దగ్గర మంచు నిలవదే, పిచ్చిదానా.”

“తెలుసు. పలకమీద నువ్వే రాస్తావుగా,” అంది.

నూట నలభై అంగల దగ్గర ఉంది. ఇంక చెప్పేదేమీ లేదన్నావు. ఏమైనా ఉంటే, ఎంత చిన్నదైనా, ఇప్పుడు చెప్పు.

ఆర్డిస్


స్టోర్‌డాల్
25 జనవరి 1988

లైల్,

నీ పళ్ల పెట్టె పదహారో తారీఖున చేరింది. పంపరపనసలు ఇరవై నాలుగు, ఒక్కటీ దెబ్బతినలేదు. పైన కార్డు ఉంది. ‘అక్కకీ బావకీ, ఎండతో, లైల్’ అని. నేనడిగిన దానికి జవాబు ఇదన్నమాట. రోజుకొక పండు తీసి సగం మీ బావకి పెడుతున్నాను, సగం నేను తింటున్నాను. పైవరస నుంచి తీస్తున్నాను. పారేస్తే పాపం కనుక తింటున్నాను. ఎంత చక్కెర వేసినా చేదే.

ఫోన్ చెయ్యొచ్చు. కానీ నీ గొంతు వింటే నేను మెత్తబడిపోతాను. అందుకే రాస్తున్నాను. ఇది నేను రెండేళ్లుగా రాయని ఉత్తరం.

ఆ రోజు నీ బకెట్‌ను పోలీసు కుర్రవాడు మన వెనక గుమ్మం దగ్గర పెట్టిపోయాడు. నువ్వు దుప్పటి కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నావు. ఐనర్‌ని ఇంకా పైకి తియ్యలేదు. మర్నాడు ఉదయం ఏం చెయ్యాలో తోచక చేపలు బాగుచేశాను. గడ్డకట్టి కర్రల్లా ఉంటే సింకులో చన్నీళ్లలో వేసి లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను. పదిహేడు. పదకొండు తెల్లవి, వెండిలా పాలిపోయినవి. పైన్ల మలుపు కింద లోతునీళ్లలో ఉండేవి అవే. మిగతా ఆరూ నల్లవి. బొగ్గు మచ్చలతో, వీపు ముదురుగా. నాచులో పెరిగే క్రాపీలు అలా ఉంటాయి. హాల్వర్ సరస్సులో చలికాలం పచ్చగా మిగిలే నాచు ఒక్కచోటే ఉంది. నలభై ఏళ్లుగా చేపలు కోస్తున్నాను, ఏది ఎక్కడిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నువ్వు మలుపు దాటలేదన్నావు. నీ బకెట్‌లో వాగు నోటి చేపలు ఆరున్నాయి.

నేను చూస్తుండగానే వాటిలో ఒకటి మొప్పలు కదిపింది. ఒక రాత్రంతా మంచులో గడ్డకట్టి, చన్నీళ్లు తగిలేసరికి నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఏదో చెప్పబోతున్నట్టే ఉంది. కత్తి పక్కన పెట్టేశాను. దాన్ని గిన్నెలో వేసుకుని, నీకు కనిపించకుండా రేవుకి తీసుకెళ్లి కన్నంలో వదిలేశాను. అందుకే ఫ్రీజరులో అయిదు. చూశావా, నా లెక్క ఎప్పుడూ తప్పదు. నోరే తప్పింది. నువ్వు నా తమ్ముడివి. నీ నోటితో నువ్వే చెబుతావని ఎదురుచూశాను.

మొన్న శనివారం లవోన్ రెండు వందల అరవై అంగల దగ్గర కూర్చుంది. అక్కడ మంచు తొమ్మిది అంగుళాలు, కన్నంలో చెవిపెడితే నీళ్లు నడిచే చప్పుడు. పలకమీద ‘వాగు వైపు ఎవరూ పోరాదు’ అని పెద్ద అక్షరాలతో రాశాను. దాని కింద, “చదివాను. లవోన్” అని రాసిపోయింది.

ఫిబ్రవరి మొదటివారం దాకా చూస్తాను. ఆ తర్వాత పుస్తకం తీసుకెళ్లి ఆమె ముందు పెడతాను. పళ్లు ఇంక పంపకు.

ఆర్డిస్


ట్యూసాన్
30 జనవరి 1988

అక్కా,

పెట్టె అడుగు చూడలేదా? పళ్ల కింద, నీలం కాగితం కింద చూడు. ఇన్నాళ్లూ నువ్వు చదివేశావనీ, చదివి నాతో మాట్లాడటం మానేశావనీ అనుకున్నాను. పోస్టు వచ్చే వేళకి రోజూ వీధిలో నిలబడ్డాను. రోజుకొకటి పైవరస నుంచి తీస్తావని నాకు తట్టనేలేదు. మన ఇంట్లో క్రిస్మస్ మిఠాయిలు ఈస్టర్ దాకా ఎలా ఉండేవో మర్చిపోయాను.

ఇప్పుడే తీసి చూడు.

లైల్


(ఈ ఉత్తరం పళ్ల పెట్టె అడుగున, ఆరు పళ్ల కింద, ఫిబ్రవరి 3 బుధవారం నాడు దొరికింది. – ఆర్డిస్)

ట్యూసాన్
11 జనవరి 1988

అక్కా,

పైన పెట్టే ధైర్యం లేక అడుగున పెడుతున్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం రెండు దాకా మలుపు దగ్గర చేపలు బాగానే పడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. క్రాపీల సంగతి తెలుసుగా, ఒకచోట నిలబడవు. పొద్దు వాలుతుంటే గుంపంతా కదిలిపోతుంది. నేను వెతుక్కుంటూ నా బకెట్, లాంతరు, బరమా తీసుకుని వాగు నోటి దాకా పోయాను. వద్దనే అన్నాడు ఐనర్. “మీ నాన్న లేచొచ్చి తంతాడురా,” అన్నాడు. నేను వినలేదు. మంచు అయిదు అంగుళాలుంది. నన్ను మోసింది. దారం వేశానో లేదో, పట్టేశాయి. పావుగంటలో ఆరు నల్లవి.

నేను లాంతరు ఎత్తి గుండ్రంగా తిప్పాను. మూడుసార్లు. చేపలు ఇక్కడున్నాయి రా అని. మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ అదే సైగ.

అతను నిర్ణయించుకుని రాలేదక్కా. నేను పిలిస్తే వచ్చాడు. మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద సామానంతా వేసుకుని, తాడు నడుముకి చుట్టుకుని, దారిపొడవునా అరుస్తూ వచ్చాడు. “ఒరేయ్ దొంగా, అన్నీ నువ్వే మింగుతున్నావా? రెండు పక్కన పెట్టరా. లవోన్‌కి నల్లవే ఇష్టం. రెండు లేకుండా ఇంటికెళితే వాకిట్లోనే నిలబెడుతుంది.” అదే చివరి మాట. నవ్వుతున్నాడు. నాకు ఇరవై అంగల దూరంలో ఉండగా కింద మంచు పలక ఒరిగి, నీళ్లలో పడిపోయాడు. నా బరువు వేరు, అతని బరువు వేరు. పైగా బండి.

బోర్లా పడుకుని నా దారాలన్నీ, నా బెల్టూ కలిపి ముడేసి విసిరాను. రెండుసార్లు పట్టుకున్నాడు. మూడోసారి లాగితే ఒట్టిగా వచ్చింది.

పోలీసు అడిగినప్పుడు, “నువ్వెక్కడున్నావు?” అన్నాడు. నేను మలుపు దగ్గర అన్నాను. నాన్న కొడుకుని, నువ్వు పలకమీద రాసే కొలతలు రోజూ చదివేవాణ్ణి. వాగు నోటి దగ్గర ఉన్నానని ఎలా చెప్పను? ఒక్క అబద్ధమే కదా అనుకున్నాను. అంత్యక్రియల రోజు లవోన్ నా చెయ్యి పట్టుకుని, “చివరికి ఏమన్నాడు?” అంది. ఆ మాట చెబితే నేనెక్కడ ఉన్నానో కూడా చెప్పాలి. “ఏమీ అనలేదు,” అన్నాను. ఆమె మొహంలో ఏదో ఆరిపోవడం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఆ నెలలోనే మంచు పడని ఊరు వెతుక్కున్నాను.

ఇది ఆమెకి చూపించు. నువ్వు చదివి వినిపించకు, ఆమె చేతికే ఇవ్వు.

లైల్


స్టోర్‌డాల్
8 ఫిబ్రవరి 1988, సోమవారం

తమ్ముడు లైల్‌కి,

ముందుగా, జనవరి 25న నేను రాసిన ఉత్తరంలో పళ్ల గురించి అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఉత్తరం పద్దెనిమిది రోజులు నా వంటింట్లోనే ఉంది. ఈలోపు మూడు శనివారాలు గడిచాయి. మూడోసారి ఆమె కూర్చున్నది మూడు వందల అంగల దగ్గర. రోజుకొకటి తినడం మంచి అలవాటనుకునేదాన్ని. ఇప్పుడు ఆ పెట్టె వైపు చూడలేకపోతున్నాను.

బుధవారమే ఆమె ఇంటికెళ్లాను. నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. కాఫీ చల్లారిపోయింది. నేను ఏదైనా అంటుందేమోనని పంచదార గిన్నె మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

“రెండు పక్కన పెట్టమన్నాడా?” అంది చివరికి.

“అవును.”

“ఎక్కడున్నాయవి?”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంటికెళ్లి పొట్లం తెచ్చాను. అవి వాగు నోటి చేపలని ఇన్నాళ్లూ నాకు తెలుసని కూడా అప్పుడే చెప్పాను. పుస్తకంలో ఆ పేజీ చూపించాను. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. పొట్లం విప్పి, అయిదింటిలోంచి రెండు తీసుకుని మిగతా మూడూ నా చేతిలో పెట్టింది.

“రెండు చాలు. ఆయన అడిగింది రెండే.”

వెన్నలో వేయించింది. రెండేళ్ల చేప, రుచి ఏముంటుంది? ముళ్లు కూడా ఒక్కొక్కటే ఏరుకుంటూ తినేసింది. నన్ను తినమనలేదు. తిన్నాక అంది, “లైల్‌కి రాయి. వాగు దగ్గరికి పిలిచినందుకు నేనేమీ అనను. పిలిస్తే వెళ్లకుండా ఉండే మనిషి కాదు ఆయన. కానీ రెండేళ్లు నా మొగుడి మీద నాకు అనుమానం పెట్టాడు. దానికి మాత్రం క్షమించను. ఎదురుగా నిలబెట్టి తిట్టాలి. అందుకైనా రమ్మను.” తర్వాత నావైపు తిరిగి, “నీ సంగతి తర్వాత చూస్తాను,” అంది. అన్నట్టుగానే ఆదివారం చర్చిలో నాకు రెండు వరసల ముందు కూర్చుంది. అంతకన్నా తక్కువ శిక్ష నాకు తగదు.

అయితే శనివారం నన్ను రమ్మంది. మూడు వందల అంగల దాకా వెళ్లి, అక్కడున్న తన బకెట్, గునపం తీసుకుని వెనక్కి వచ్చేసింది. పైన్ల మలుపు దగ్గర తిరిగి రెండు కన్నాలు తొలిచింది. ఒకదాని పక్కన తను కూర్చుంది. రెండోదాని పక్కన బకెట్ తిరగేసి పెట్టింది. నేను కూర్చోబోతే, “అది నీది కాదు,” అంది. నేను నిలబడే ఉన్నాను. తొమ్మిది క్రాపీలు పట్టింది. అన్నీ తెల్లవే.

నాలుగున్నరకి పొద్దు దిగుతుంటే లవోన్ లేచి లాంతరు అందుకుంది. ఇంటికి బయల్దేరుతున్నాం అనుకున్నాను. ఆమె వాగు వైపు తిరిగి నిలబడి, లాంతరు ఎత్తి గుండ్రంగా తిప్పింది. మూడుసార్లు. ఎవరికోసమని నేను అడగలేదు. అప్పుడు వాగు నోటి దగ్గర మంచు మూలిగింది. చలి పెరుగుతుంటే మంచు బిగుసుకుని అలా మూలుగుతుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ చప్పుడు నాలుగు వందల అంగలూ మంచు కిందుగా నడిచి మా దగ్గరకొచ్చి, మా పాదాల కిందుగా వెళ్లిపోయింది. లవోన్ తల ఊపి లాంతరు దించింది.

మేడమీద గది ఊడ్చి ఉంచాను. షర్లీ నడుంకి గట్టి పరుపు వేశాను. మీ బావ వెచ్చని బూట్లు నీకు సరిపోతాయి.

నిన్న కొలిచాను. పైన్ల మలుపు దగ్గర మంచు ఇరవై అంగుళాలు. ముగ్గురిని మోస్తుంది.

మీ అక్క
ఆర్డిస్